అబ్బాయి డాక్టరే, కానీ పర్మనెంటేనా?

డాక్టరు సంబంధం వచ్చిందంటే ఒకప్పుడు మన ఇళ్లలో రెండో ప్రశ్న ఉండేది కాదు. అబ్బాయికి దీన్ ఉందా, కుటుంబం మర్యాదగలదేనా అని నాలుగిళ్లలో విచారించి, ఇన్షా అల్లాహ్ అని మాట ఖాయం చేసుకునేవారు. ఇప్పుడు ఆ రెండింటికంటే ముందు మరో ప్రశ్న వచ్చి కూర్చుంటోంది. ‘పర్మనెంటా, టెంపరరీనా?’ అమ్మాయి డాక్టరైతే ఇదే ప్రశ్న ఇంకో వేషంలో వస్తుంది. ‘పెళ్లయ్యాక కూడా చేస్తుందా? నైట్ డ్యూటీలు ఉంటాయా?’ ఎంబీబీఎస్ పూర్తి చేసిన బిడ్డ నోటి నుంచి ‘కాంట్రాక్టు’ అన్న మాట వినగానే పెద్దల ముఖాలు వాడిపోతున్నాయి. అయిదున్నరేళ్లు చదివించింది ఇందుకేనా అని తండ్రి లోలోపల కుమిలిపోతాడు. సరిగా చదవలేదేమో, అందుకే ఉద్యోగం రాలేదేమో అని బంధువులు గుసగుసలాడతారు.

ఈ అనుమానం ఎంతవరకు న్యాయమైనది? డాక్టర్లు తాత్కాలిక కొలువును గత్యంతరం లేక పట్టుకుంటున్నారా, లేక ఆలోచించి ఎంచుకుంటున్నారా? ఈ విషయం మన కుటుంబాలకు కొత్తగా ముఖ్యమైనది. 2007 నుంచి వెనుకబడిన ముస్లిం వర్గాలకు విద్యలోనూ ఉద్యోగాల్లోనూ 4 శాతం రిజర్వేషన్ అమలవుతోంది. మైనారిటీ వైద్య కళాశాలలు కూడా ఉన్నాయి. ఇంటిపేరులో డాక్టరు అన్న మాటే ఎరుగని కుటుంబాల నుంచి, మెకానిక్కుల ఇళ్ల నుంచి, కిరాణా కొట్ల నుంచి మొదటి తరం డాక్టర్లు వస్తున్నారు. ఆ ఇళ్లలో దారి చెప్పగల పెద్దలు లేరు. కాబట్టి బిడ్డ చేసే లెక్క పెద్దలకు అర్థం కావడం లేదు.

ఇలాంటి యువ డాక్టర్లను చూడటానికి దూరం పోనక్కర్లేదు. తార్నాక చౌరస్తా నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయం వైపు నడిస్తే చాలు. నెంబర్లతో పిలిచే ఆ వీధుల్లో హాస్టళ్లు, అద్దె గదులు, రీడింగ్ రూములు కిక్కిరిసి ఉంటాయి. గ్రూప్స్‌కు చదివేవారు, టీచరు పోస్టులకు చదివేవారు, పరిశోధన పూర్తయినా గది ఖాళీ చేయనివారు, వారి మధ్యనే పీజీ ప్రవేశ పరీక్షకు చదివే డాక్టర్లు. పగలు పుస్తకం, రాత్రి ఎక్కడో ఒక నర్సింగ్ హోమ్‌లో డ్యూటీ. మేము మాట్లాడిన వారిలో మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి నెలలో పన్నెండు రాత్రులు మాత్రమే పనిచేస్తానని ముందే షరతు పెట్టుకున్నాడట. ‘పదమూడో రాత్రి చేస్తే డబ్బు వస్తుంది సార్, ర్యాంకు పోతుంది’ అన్నాడు.

ఈ క్యాంపస్‌కూ వైద్యానికీ ఉన్న బంధం పాతదే. 1846లో మొదలైన హైదరాబాద్ మెడికల్ స్కూల్, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడిన తర్వాత దాని వైద్య కళాశాల అయింది. దారుల్ తర్జుమా పండితులు పాశ్చాత్య శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు. శరీర నిర్మాణాన్ని ఉర్దూలో చదివి డాక్టర్లయిన తరం మన తాతలది. 1986లో విజయవాడ కేంద్రంగా ఆరోగ్య విశ్వవిద్యాలయం వచ్చాక వైద్య విద్య ఆ గొడుగు కిందికి మారింది. ఇప్పుడు తెలంగాణ కళాశాలలకు వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉంది. కనుక నేడు ఉస్మానియా చెట్ల కింద కూర్చుని చదివే డాక్టరు ఆ విశ్వవిద్యాలయం విద్యార్థి కాడు. ఏ రిజిస్టరులోనూ పేరులేని అతిథి. అదే క్యాంపస్‌లో పాఠాలు చెప్పే కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్లు తమను రెగ్యులర్ చేయాలని ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు, 2025లోనూ ధర్నాలు చేశారు. చదివేవాడూ తాత్కాలికమే, చెప్పేవాడూ తాత్కాలికమే.

పరీక్ష కోసం నిలిచిన జీవితం

కారణాల్లో మొదటిదీ పెద్దదీ పీజీ. ఈ రోజుల్లో ఒట్టి ఎంబీబీఎస్‌ను రోగులే పూర్తి డాక్టరుగా లెక్కించడం లేదు. జ్వరమొస్తే ఫిజీషియన్, బిడ్డకు దగ్గొస్తే పిల్లల డాక్టరు కావాలంటున్నాం. మనమే అలా అడుగుతూ, మన బిడ్డ పీజీ కోసం ఆగితే మాత్రం విసుక్కుంటున్నాం. దేశంలో ఎంబీబీఎస్ సీట్లు లక్ష దాటాయి. పీజీ సీట్లు దానికి చాలా తక్కువ. నీట్-పీజీ పరీక్ష ఏటా రెండు లక్షలమందికి పైగా రాస్తున్నారు. ఆ పరీక్షకైనా నికరమైన తేదీ ఉందా అంటే అదీ లేదు. 2024లో జూన్ 23న జరగవలసిన పరీక్షను ముందురోజు రాత్రి వాయిదా వేశారు. అభ్యర్థులు అప్పటికే పరీక్ష పట్టణాలకు చేరుకుని లాడ్జీల్లో దిగి ఉన్నారు. చివరికి అది ఆగస్టు 11న జరిగింది. 2025లో జూన్ 15న రెండు షిఫ్టుల్లో పెట్టాలనుకున్నారు. ఒకే షిఫ్టులో పెట్టాలని సుప్రీంకోర్టు చెప్పడంతో ఆగస్టు 3కు వెళ్లింది. ఆ తర్వాత కౌన్సెలింగ్ విడతలు.

ఇలా నెలలు జరిగిపోతుంటే ఆ డాక్టరు ఏ ఉద్యోగంలో చేరాలి? మూడేళ్లు ఉండాలనే షరతున్న కొలువులో చేరితే సీటు వచ్చిన రోజున బయటపడటం కష్టం. ఏమీ చేయకుండా కూర్చుంటే ఇంటికి భారం, చేతికి అలవాటు తప్పుతుంది. నెల ముందు చెప్పి వెళ్లిపోగలిగే పని ఒక్కటే మిగులుతుంది. అది డ్యూటీ డాక్టరు పని. ఈ ఎంపికను బద్ధకం అనడం అన్యాయం.

రెండో కారణం చాలామంది పెద్దలకు తెలియదు. ప్రభుత్వ కొలువుకు మెట్టు కూడా తాత్కాలిక కొలువే. 2022 జూన్‌లో తెలంగాణ వైద్య ఆరోగ్య సేవల నియామక బోర్డు 969 సివిల్ అసిస్టెంట్ సర్జన్ పోస్టులకు ప్రకటన ఇచ్చినప్పుడు మొత్తం నూరు పాయింట్లలో 80 ఎంబీబీఎస్ మార్కులకు కేటాయించి, మిగతా 20 పాయింట్లను ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సేవకు ఉంచారు. గిరిజన ప్రాంతంలో ఆరు నెలలు చేస్తే 2.5 పాయింట్లు, ఇతర చోట్ల 2 పాయింట్లు. లెక్క వేసి చూడండి. మార్కులకు 80 పాయింట్లంటే, మైదాన ప్రాంతంలో ఆరు నెలల కాంట్రాక్టు సేవ ఎంబీబీఎస్‌లో రెండున్నర శాతం మార్కులతో సమానం. గిరిజన ప్రాంతంలో నాలుగేళ్లు చేసినవాడికి మొత్తం 20 పాయింట్లూ వస్తాయి. కాలేజీలో వెనుకబడినవాడు ఉట్నూరు, భద్రాచలం వైపు వెళ్లి తన లోటు పూడ్చుకోవచ్చు. కరోనా రెండో విడత ఉధృతంగా ఉన్న 2021 మే నెలలో రెండు మూడు నెలల కోసం డాక్టర్లు ముందుకు రావాలని ప్రభుత్వం పిలిచినప్పుడు కూడా ఈ వెయిటేజీ మాటే ఇచ్చింది. కనుక ‘టెంపరరీ’ అన్న ప్రతి కొలువూ దిక్కులేనిది కాదు. అందులో కొన్ని పర్మనెంటు తలుపు ముందున్న అరుగులు.

అయితే ఆ తలుపు లోపలికి వెళ్లడానికి ఇష్టపడనివారు కూడా ఉన్నారు. 2022లో తెలంగాణ ప్రభుత్వం నిబంధనలు సవరించి, కొత్తగా నియమితులయ్యే ప్రభుత్వ డాక్టర్లు ప్రైవేటు ప్రాక్టీసు చేయకూడదని చెప్పింది. ఆసుపత్రిలో ఉండవలసిన డాక్టరు సొంత క్లినిక్‌లో ఉంటున్నాడన్నది ప్రజల పాత ఫిర్యాదు కాబట్టి ఈ సవరణను మేము తప్పుపట్టం. కానీ దాని ఫలితం ఒకటుంది. బస్తీలో సాయంత్రం క్లినిక్ పెట్టుకుని నాలుగు రాళ్లు వెనకేసుకోవాలనుకునే స్పెషలిస్టుకు పర్మనెంటు కొలువు మీద మోజు తగ్గింది. హైదరాబాద్‌లో మత్తు డాక్టర్లను చూడండి. వారిలో ఎంతోమంది ఏ ఒక్క ఆసుపత్రికీ చెందరు. పొద్దున్న ఒక నర్సింగ్ హోమ్‌లో సిజేరియన్, మధ్యాహ్నం ఇంకోచోట ఎముకల ఆపరేషన్, రాత్రి మూడోచోట అత్యవసర కేసు. కేసుకింత అని తీసుకుంటారు. వారిని నిరుద్యోగులని ఎవరూ అనరు.

ఇక మహిళా డాక్టర్ల సంగతి. మన ఇళ్లలో దీని గురించి తక్కువ మాట్లాడతారు, ఎక్కువ నిర్ణయిస్తారు. భర్త రియాద్‌లోనో దోహాలోనో ఉంటాడు. ఇద్దరు పిల్లలు, పెద్దవయసు అత్తామామలు. రాత్రి డ్యూటీ అంటే ఇంట్లో యుద్ధం. అలాంటి అమ్మాయికి ఇంటికి దగ్గర్లో పగటిపూట నడిచే బస్తీ దవాఖానా కాంట్రాక్టు దొరికితే ఆమె చదువు చెదలు పట్టకుండా ఉంటుంది. జీతం ఎక్కువ కాదు, రేపటికి భరోసా లేదు, అయినా ఆమె దాన్నే ఎంచుకుంటుంది. ఆమె ముందున్న రెండో దారి ఇంట్లో కూర్చోవడమే. పర్దా పాటించే మన తల్లులూ చెల్లెళ్లూ తమ బాధను లేడీ డాక్టరుకే చెప్పుకోవాలనుకుంటారు. మరి లేడీ డాక్టరు కావాలి, మన కోడలు మాత్రం డ్యూటీకి పోకూడదు అంటే ఆ లేడీ డాక్టరు ఎవరి ఇంటి నుంచి రావాలి?

గల్ఫ్ కాంట్రాక్టుకు ఇచ్చే గౌరవం

ఒక చిత్రం చూడండి. బస్తీ దవాఖానాలో కాంట్రాక్టు డాక్టరుకు పిల్లనివ్వడానికి వెనకాడే అదే కుటుంబం, సౌదీ ఆరోగ్య శాఖలో డాక్టరంటే మరో మాట లేకుండా ఒప్పుకుంటుంది. సౌదీలో ఉన్నది మాత్రం ఏమిటి? కాంట్రాక్టే. గడువు తీరితే రెన్యువల్, ఇఖామా ఉన్నంతవరకే ఇల్లు. ఇరవై ఏళ్లు అక్కడి రోగుల నాడి పట్టినా, కాంట్రాక్టు ముగిసిన నాడు సామాను సర్దుకోవలసిందే. గల్ఫ్‌లో పర్మనెంటు అన్న మాటకు అర్థమే లేదు. మన నగరంలో రెండు తరాలు ఆ తాత్కాలిక జీతం మీదే ఇళ్లు కట్టుకున్నాయి, చెల్లెళ్ల నికాహ్‌లు చేశాయి. అంటే మనకు అభ్యంతరం కాంట్రాక్టు మీద కాదు, రూపాయి మీద. ఆ మాట నిజాయితీగా ఒప్పుకుంటే అసలు సమస్య ఎక్కడుందో సగం బయటపడుతుంది.

బ్రిటన్‌లో ఈ పనికి ఒక పేరే ఉంది, లోకమ్ డాక్టరు. లాటిన్‌లో ఆ మాటకు మరొకరి స్థానంలో ఉన్నవాడు అని అర్థం. నాయబ్ ఇమామ్, నాయబ్ తహసీల్దార్ తెలిసిన మనకు ఇది సులభంగా అర్థమవుతుంది. లోకమ్ అంటే నాయబ్ డాక్టరు. సెలవులో వెళ్లిన డాక్టరు బదులు, ఖాళీగా ఉన్న పోస్టు బదులు, షిఫ్టుకింత అని పనిచేస్తాడు. అక్కడ చాలామంది దీన్ని కోరి ఎంచుకుంటారు. ఏ వారం పనిచేయాలో తామే నిర్ణయించుకోవచ్చు, గంటకు వచ్చే డబ్బు ఎక్కువ. ఎంత ఎక్కువంటే, ఏజెన్సీల ద్వారా వచ్చే సిబ్బందికి ఇచ్చే మొత్తంపై ఇంగ్లండ్‌లో 2015 నవంబరు నుంచి పరిమితి విధించవలసి వచ్చింది. కానీ అక్కడికి వెళ్లిన మన దేశపు డాక్టర్లందరిదీ ఆ స్వేచ్ఛ కాదు. 2006 ఏప్రిల్‌లో వీసా నిబంధనలు హఠాత్తుగా మారి, శిక్షణ పోస్టుల్లో ముందు స్థానికులకు, యూరప్ వారికి అవకాశం అన్నప్పుడు, ప్లాబ్ పరీక్ష ప్యాసై ఎదురుచూస్తున్న భారతీయ డాక్టర్లు దిక్కుతోచక నిలబడ్డారు. భారత సంతతి డాక్టర్ల సంఘం కోర్టుకు వెళ్లి, 2008లో అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో గెలిచేదాకా ఆ పోరు సాగింది. ఒకే ఆసుపత్రిలో ఒకే షిఫ్టులో ఇద్దరు లోకమ్‌లు ఉంటారు. ఒకడు ఇష్టపడి వచ్చినవాడు, మరొకడు తలుపు మూసుకుపోయి వచ్చినవాడు. చొక్కా మీది బిల్ల చూసి ఎవరు ఎవరో చెప్పలేం.

హైదరాబాద్‌లోనూ ఈ తేడానే గమనించాలి. కేసుల మీద తిరిగే మత్తు డాక్టరు మొదటి రకం. రెండో రకంలో డాక్టర్లకంటే ఎక్కువగా ఉన్నది వారి పక్కన నిలబడి దాదాపు డాక్టరు పనే చేసేవారు. 2018 నుంచి కేంద్రం ఉపకేంద్రాలను వెల్‌నెస్ కేంద్రాలుగా మార్చడం మొదలుపెట్టాక, బీఎస్సీ నర్సింగ్ చదివినవారిని, ఆయుష్ డాక్టర్లను మధ్యస్థాయి వైద్య సిబ్బందిగా తీసుకున్నారు. మన పల్లె దవాఖానాల్లో బీపీ, షుగర్ చూసి మందులిచ్చేది ఎక్కువగా వారే. బడి పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య పథకం 2013లో వచ్చింది. ఒక్కో బృందంలో ఇద్దరు ఆయుష్ డాక్టర్లు ఉండాలి, ఒకరు పురుషుడు, ఒకరు స్త్రీ. చార్మినార్ దగ్గరి నిజామియా తిబ్బీ కళాశాలలోనూ ఇతర కళాశాలల్లోనూ బీయూఎంఎస్ చదివిన మన అమ్మాయిలకు ఇలాంటి పథకాలే కొలువులు. పథకం ఉన్నంతవరకు కొలువు. ఏటా మార్చి వస్తే గుండె దడ. ‘ఆర్డరు వచ్చిందా?’ అని ఒకరినొకరు అడుగుతారు. నర్సింగ్ చదివి, పైన ప్రత్యేక శిక్షణ పొంది కాన్పులు స్వతంత్రంగా చేయగల మిడ్‌వైఫ్‌లను తయారుచేసే కోర్సు 2017లో కరీంనగర్‌లో మొదలైంది. దేశానికి దారి చూపిన పని అది. చేతిలో ఇంత నైపుణ్యం ఉన్నవారికి పక్కా పోస్టు, ప్రత్యేక హోదా ఇవ్వడంలో మన ప్రభుత్వాలు ఎప్పుడూ వెనుకబడే ఉన్నాయి.

మరి రోగి మాటేమిటి? ఇక్కడ మాత్రం మేము యువ డాక్టర్ల పక్షాన పూర్తిగా నిలబడలేం. హైదరాబాద్‌లో మొదటి బస్తీ దవాఖానాలు 2018 ఏప్రిల్‌లో తెరిచారు. పేదలకు అవి వరమే. కానీ అక్కడి డాక్టరు పీజీ సీటు రాగానే వెళ్లిపోతాడు. కొత్తవాడు వస్తాడు. అతడూ వెళతాడు. జ్వరానికీ విరేచనాలకూ ఇది పెద్ద నష్టం కాదు. షుగరు, బీపీ ఉన్న అరవై ఏళ్ల మనిషికి నష్టమే. ఆయనకు ఏ మందు పడదో, ఇంట్లో ఎవరు మందు వేస్తారో, రమజాన్‌లో రోజా ఉంటే మోతాదు ఎలా మార్చాలో పాత డాక్టరుకు తెలుసు. కొత్త డాక్టరు అన్నీ మొదటినుంచి అడగాలి, అడిగే తీరిక లేకపోతే పాత చీటీనే మళ్లీ రాస్తాడు. జిల్లాకో మెడికల్ కాలేజీ లెక్కన 2022లో 8, 2023లో 9, 2024లో 8 ప్రభుత్వ కళాశాలలు తెలంగాణలో తెరిచారు. బోధకుల ఖాళీలను చాలావరకు కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్లతో నింపారు. 2025లో జాతీయ వైద్య కమిషన్ బోధకుల కొరతపై సంజాయిషీ అడిగింది. సంవత్సరానికొకరు మారే గురువు దగ్గర చదివిన విద్యార్థి రేపు మన ఇంటి పక్క డాక్టరు.

షరీఅత్ ఏం చూస్తుంది

ఇప్పుడు దీన్‌వైపు నుంచి చూద్దాం. కూలికి, కొలువుకు సంబంధించిన ఒప్పందాన్ని ఫిఖ్హ్ గ్రంథాలు ఇజారా అంటాయి. పని ఏమిటో తెలియాలి, ప్రతిఫలం ఎంతో తెలియాలి, గడువు ఎంతో తెలియాలి. ఈ మూడూ స్పష్టంగా ఉంటే ఒక రోజు కొలువైనా సక్రమమే. వీటిలో ఏది మసకబారినా ఒప్పందం చెడుతుంది. ఎంతకాలం అన్నది లోపం కాదు, అస్పష్టతే లోపం.

దివ్యఖుర్ఆన్‌లోని ఖసస్ సూరాలో మూసా (అలైహిస్సలాం) వృత్తాంతం మనందరికీ తెలిసినదే. ఈజిప్టు విడిచి మద్యన్ చేరిన ఆయన చేతిలో ఏమీ లేదు. బావి దగ్గర ఇద్దరు యువతుల పశువులకు నీళ్లు తోడిపెట్టారు. వారి తండ్రి ఆయనను పిలిపించి, తన కుమార్తెల్లో ఒకరినిచ్చి పెళ్లి చేస్తాననీ, అందుకు ఎనిమిదేళ్లు తన దగ్గర పనిచేయాలనీ, పదేళ్లు పూర్తిచేస్తే అది ఆయన ఇష్టమనీ, తనకు ఆయనను కష్టపెట్టే ఉద్దేశం లేదనీ చెప్పారు. మూసా (అలైహిస్సలాం) ఒప్పుకుంటూ, రెండు గడువుల్లో ఏది పూర్తిచేసినా తనపై ఒత్తిడి ఉండకూడదని మాట తీసుకున్నారు, అల్లాహ్‌ను సాక్షిగా చేసుకున్నారు. ఆయన ఎక్కువ గడువునే పూర్తిచేశారని హజ్రత్ ఇబ్న్ అబ్బాస్ (రజి) తెలిపారు. ఇది గడువున్న కొలువు. ఆ కొలువు మీదే నికాహ్ జరిగింది. ఆ మామగారు ‘పర్మనెంటా?’ అని అడగలేదు. మనిషి బలవంతుడు, నమ్మకస్తుడు అని కూతురు చెప్పిన మాట విన్నారు, గడువు స్పష్టంగా పెట్టారు.

హనఫీ ఫుఖహా కూలికి కుదిరినవారిని రెండు తరగతులుగా చూశారు. తన సమయాన్ని ఒకే యజమానికి అప్పగించినవాడు ఒక తరగతి. ఆ సమయానికి హాజరై సిద్ధంగా ఉంటే పని తగలకపోయినా అతడికి జీతం రావలసిందే. దర్జీలాగా పదిమందికి పనిచేసేవాడు రెండో తరగతి, పని పూర్తిచేస్తేనే కూలి. రాత్రి డ్యూటీ డాక్టరు మొదటి తరగతి, కేసుల మీద తిరిగే మత్తు డాక్టరు రెండో తరగతి. కనుక రాత్రి రోగులెవరూ రాలేదని డ్యూటీ డాక్టరు జీతంలో కోత పెట్టడం తగదు. అలాగే డ్యూటీ గంటల్లో రోగి ఎదురుగా ఉండగా పరీక్ష పుస్తకం తిరగేయడం ఆ డాక్టరుకూ తగదు. ఖాళీ సమయంలో చదువుకోవచ్చా లేదా అన్నది యాజమాన్యంతో ముందే మాట్లాడుకుంటే మంచిది.

తాత్కాలిక వైద్యసేవ ఇస్లామీయ చరిత్రకు కొత్త కూడా కాదు. పదో శతాబ్ది తొలినాళ్లలో బగ్దాద్ వజీరు అలీ ఇబ్న్ ఈసా, ముఖ్య వైద్యుడు సినాన్ ఇబ్న్ సాబిత్‌కు జాబు రాసి, డాక్టర్లు లేని ఇరాక్ పల్లెలకు మందులతో వైద్యులను పంపించారు. వారు ఒకచోట అవసరమైనంతకాలం ఉండి, తర్వాత మరో ఊరికి కదిలేవారు. మన 104 వాహనాలకు తాతలు అనవచ్చు. అయితే వారి జీతం, మందుల ఖర్చు ఖజానా చూసుకునేది. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన ఆసుపత్రికి వక్ఫ్ ఆస్తులు రాసిచ్చి, వాటి ఆదాయం నుంచి వైద్యుల జీతాలు ఏర్పాటుచేశారు. డాక్టర్లు మారవచ్చు, జీతపు మూట మాత్రం స్థిరంగా ఉండాలన్నది ఆ ఏర్పాటు.

మన దగ్గర ఇది తలకిందులైంది. చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్నది దైవప్రవక్త (స) బోధ. 2024 జూన్‌లో తెలంగాణ జూనియర్ డాక్టర్లు సమ్మెకు దిగినప్పుడు వారి ముఖ్యమైన కోరికల్లో ఒకటి జీతం పెంపు కాదు, ఇచ్చే స్టైపెండునే ప్రతినెలా సమయానికి ఇవ్వమని. 2025లో స్టైపెండు పెంచారు. హౌస్ సర్జన్‌కు 25,906 రూపాయల నుంచి 29,792కు, సీనియర్ రెసిడెంటుకు 92,575 నుంచి 1,06,461కి. మంచిదే. కాంట్రాక్టు నర్సులకూ పథకాల డాక్టర్లకూ జీతం నెలలు దాటిపోయిన సందర్భాలు మనం ప్రతి జిల్లాలో వింటూనే ఉన్నాం.

చట్టం వైపు నుంచి పెద్ద ఊరట లేదు. ఎంతకాలం తాత్కాలికంగా పనిచేసినా, నియామక నిబంధనల ప్రకారం రానివారికి పర్మనెంటు హక్కు రాదని 2006 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఉమాదేవి కేసులో చెప్పింది. 2016 అక్టోబరులో జగ్‌జీత్ సింగ్ కేసులో మాత్రం, అదే పని చేసే తాత్కాలిక ఉద్యోగికి రెగ్యులర్ ఉద్యోగి కనీస వేతన స్కేలు ఇవ్వాలంది. అంటే కొలువు మీద హక్కు లేకపోవచ్చు, న్యాయమైన జీతం మీద ఉంది. కాంట్రాక్టులో ఉన్న మన పిల్లల్లో ఈ రెండో తీర్పు గురించి తెలిసినవారు బహు తక్కువ.

కాబట్టి పెద్దలు అడగవలసిన ప్రశ్న మారాలి. పర్మనెంటా అని కాకుండా, కాగితం ఉందా అని అడగండి. చాలా నర్సింగ్ హోమ్‌లలో నోటి మాటే ఒప్పందం. జీతం ఎంత, ఏ తారీకున ఇస్తారు, గడువు ఎప్పటిదాకా, మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, చికిత్సలో కేసు వస్తే ఆసుపత్రి వెనక నిలబడుతుందా లేక రాత్రి డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరును ముందుకు తోస్తుందా? ఈ చివరి ప్రశ్న గురించి తార్నాకలో మేము మాట్లాడిన వారిలో ఒక్కరు కూడా చేరేముందు అడగలేదు. ఒక అమ్మాయి మాత్రం ఎక్కడ చేరినా తన సర్టిఫికెట్ల ఒరిజినల్స్ ఇవ్వనని పట్టుబడుతుందట. ‘నకళ్లు తీసుకోండి, చాలకపోతే నేను చేరను’ అంటుందట. ఆమెకు ఇంకా సంబంధం కుదరలేదని వాళ్ల అమ్మీ బెంగ.

డాక్టర్లకూ ఒక మాట. సీటు వచ్చిందని రాత్రికి రాత్రి ఫోన్ ఆపేసి మాయమయ్యేవారు ఉన్నారు. ఒప్పందాలను నెరవేర్చమన్న మాయిదా సూరా తొలి ఆజ్ఞ యజమానికి ఒక్కడికే కాదు. వెళ్లే ముందు తన రోగుల వివరాలు వచ్చేవాడికి రాసిపెట్టి వెళితే, బస్తీ దవాఖానాలో ఆ షుగరు పేషెంటు మళ్లీ మొదటినుంచి చెప్పుకోవలసిన పని ఉండదు. ఒక నోటుబుక్కు, పదిహేను నిమిషాలు.

ఈ వ్యాసం రాసే ముందు నియామకాల సంగతి కూడా చూశాం. 2025 ఆగస్టులో అదే నియామక బోర్డు 1,623 సివిల్ అసిస్టెంట్ సర్జన్ స్పెషలిస్టు పోస్టులకు ప్రకటన ఇచ్చింది. అందులో 1,616 వైద్య విధాన పరిషత్ ఆసుపత్రులకు, 7 ఆర్టీసీకి. ఆర్టీసీ పెద్దాసుపత్రి తార్నాకలోనే ఉంది, మన అబ్బాయిలు రోజూ దాని ముందు నుంచే లైబ్రరీకి నడుస్తారు. కానీ అవి స్పెషలిస్టు పోస్టులు. పీజీ ఉన్నవారికే.